మరిది అరకిలో లావెండర్ తెచ్చాడు, ఇప్పుడేం చెయ్యాలి? (మొక్క సంగతి కూడా)

లంకలో కోడలు (రాజోలు దగ్గర) · జనవరి 9

అందరికీ నమస్తే అండి. మా మరిది ఆర్మీలో చేస్తాడు, జమ్మూ వైపు పోస్టింగు. ఈ సెలవుకి వస్తా వస్తా భదర్వా నుంచి అరకిలో ఎండు లావెండర్ పూలు, ఒక 50 మిల్లీలీటర్ల నూనె సీసా తెచ్చాడు. అరకిలో అంటే ఏదో పొట్లం అనుకున్నా, తీరా చూస్తే దిండు గలీబంత సంచి! ఇల్లంతా వాసన. మా అత్తగారు ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని "దీనికంటే దవనం నయం కదే" అని సంచి మూతి కట్టేసి అటకెక్కించేసింది.

ఇంతకీ దీన్ని దేనికి వాడతారండీ ఇంట్లో? నెట్లో చూస్తే తలనొప్పి దగ్గర్నించి బాత్రూం దాకా అన్నిటికీ ఇదే అంటున్నారు, నాకైతే నమ్మకం కలగట్లేదు. మీలో నిజంగా వాడినోళ్ళు చెప్పండి.

రెండోది మొక్క. పోయిన ఏడాది నర్సరీలో 180 పెట్టి కొన్నా, చలికాలమంతా బ్రహ్మాండంగా ఉంది, శ్రావణమాసం ముసురు పట్టేసరికి వారం రోజుల్లో మొదలు నల్లబడి చచ్చిపోయింది. మళ్ళీ కార్తీకంలో ఇంకోటి తెచ్చా, ఇప్పుడు పూలతో ఉంది. దీన్నైనా బతికించుకునే దారి చెప్పండి.

వెటకారం వెంకీ (పాలకొల్లు) · జనవరి 9

మీ అత్తగారు కరెక్టండి ఆయ్. అరకిలో దవనం అయితే ఊరి గుడికి ఏడాది సరిపోద్ది.

మొక్కల మాస్టారు (కడియం) · జనవరి 9

అమ్మా, మొక్క సంగతి ముందు చెప్తా, 20 ఏళ్ళుగా మొక్కల మధ్యే ఉన్నా కాబట్టి. లావెండర్ పుట్టిందే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాళ్ళ నేలల్లో. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ, నేలలో సున్నం పాలు ఎక్కువ, గాలిలో తేమ లేదు. మన డెల్టా దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, నీళ్ళు పట్టుకుని వదలని నల్లమట్టి, ఆపైన సముద్రపు గాలి తేమ. భదర్వాలో అది బాగా రావడానికి కారణం ఆ ఊరు 1600 మీటర్ల ఎత్తులో ఉండటం. అక్కడ మొక్కజొన్న మానేసి ఇది వేస్తున్నారు రైతులు, జమ్మూలో ఉన్న సీఎస్ఐఆర్ (కేంద్రం వాళ్ళ సైన్సు పరిశోధన సంస్థ) వాళ్ళ సంస్థ నారు ఇచ్చి నిలబెట్టింది, 2022లో లావెండర్ పండగ కూడా చేశారు. అది చూసి మనం కూడా వేసేద్దాం అనుకుంటే కుదరదు.

మీ మొక్కని చంపింది వాన కాదమ్మా, మట్టి. మీరు కుండీలో ఏం వేశారో నేను ఇక్కడ కూర్చుని చెప్పగలను. సగం కొబ్బరి పొట్టు, సగం పశువుల ఎరువు. అవునా కాదా? కోనసీమలో ఎవరింట్లో చూసినా అదే, పొట్టు చవగ్గా దొరుకుద్ది కదా అని. ఆ పొట్టు స్పాంజిలాగా నీళ్ళు పీల్చుకుని కూర్చుంటుంది, లావెండర్ వేరు అందులో నాలుగు రోజులు నానితే కుళ్ళిపోద్ది.

ఇలా చెయ్యండి. పది పన్నెండు అంగుళాల మట్టి కుండీ తీసుకోండి, ప్లాస్టిక్ వద్దు. ఒక పాలు మామూలు మట్టి, ఒక పాలు గోదారి ముతక ఇసుక, ఒక పాలు ఇటిక ముక్కలు గింజ సైజులో కొట్టినవి. అందులో ఒక గుప్పెడు గుల్లపొడి, అదే తణుకు వైపు కోళ్ళ మేతలో కలుపుతారే అది. ఎరువు ఒక్క పిడికెడు చాలు, ఎక్కువైతే ఆకు పెరుగుద్ది, పూత ఉండదు, వాసన అసలుండదు. పైమట్టిలోకి వేలు రెండు కణుపులు దించి చూడండి, పొడిగా ఉంటేనే నీళ్ళు. జూన్ నుంచి కుండీని సన్ షేడ్ కిందకి జరిపెయ్యండి, వాన పడకూడదు, వెలుతురు గాలి తగలాలి. ఏప్రిల్ మేలో పొద్దుటి ఎండ చాలు.

ఇంకోటి, రకం చూడండి. ఆకు అంచు రంపం పళ్ళలాగా ఉంటే అది డెంటాటా, మన వేడికి కొంచెం ఓర్చుకుంటుంది. ఆకు సన్నగా నున్నగా బూడిద రంగులో ఉంటే అసలు సిసలు నూనె రకం కావచ్చు, దానికి చలి కావాలి, మన దగ్గర పూత అంతంతమాత్రం. ఆకు నలిపితే వాసనే రాకపోతే మీకు లావెండర్ పేరు చెప్పి ఇంకేదో ఊదాపూల మొక్క అంటగట్టారన్నమాట.

లంకలో కోడలు · జనవరి 9

మాస్టారూ మీరు మా పెరట్లో కూర్చుని చూసినట్టే చెప్పారు, కొబ్బరి పొట్టే 😅 ఆకు అంచు పళ్ళలాగే ఉందండి.

మొక్కల మాస్టారు · జనవరి 10

అయితే డెంటాటా. ఇప్పుడే నాలుగైదు కొమ్మలు కట్ చేసి పెట్టుకోండి, చలిలో వేరు పట్టుద్ది. పువ్వు లేని లేత కొమ్మ, మీ చూపుడువేలంత పొడవు, కింద సగం ఆకులు తీసెయ్యండి, తడి ఇసుకలో గుచ్చండి, నీడలో పెట్టండి. నెల, నెలన్నర పడుతుంది. తల్లి మొక్క పోయినా పిల్ల ఉంటుంది. పూలు అయిపోయాక పైపైన కత్తిరించండి, కింద కర్రలాగా ముదిరిన చోట మాత్రం కత్తెర పెట్టొద్దు, అక్కణ్ణించి మళ్ళీ చిగురు రాదు.

అల్లికల అక్క (నరసాపురం) · జనవరి 10

పూలు అటక మీంచి దింపించమ్మా ముందు! నేను నాలుగేళ్ళుగా బీరువాలో ఇదే పెడుతున్నా.

మాది లేసు అల్లే ఇల్లు, మా అమ్మ, పెద్దమ్మ అందరూ క్రోషే సూదితోనే బతికారు (2024లో మా నరసాపురం లేసుకి జీఐ, అదే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, అది కూడా వచ్చింది, చెప్పుకోవాలి కదా). మిగిలిపోయిన దారంతో అరచేతిలో పట్టేంత చిన్న సంచులు అల్లుతా. కానీ లేసులో నేరుగా పూలు పోస్తే కన్నాల్లోంచి రాలి చీరంతా పొట్టు. అందుకని లోపల పాత మల్లు గుడ్డతో మూట కట్టి అది లేసు సంచిలో దూర్చి మూతి దగ్గర దారం లాగెయ్యాలి. ఒక్కో మూటకి రెండు చెంచాల పూలు చాలు. నెలకోసారి బీరువా తెరిచినప్పుడు వేళ్ళతో గట్టిగా నలపండి, మళ్ళీ వాసన లేస్తుంది. ఏడాది దాటితే ఎంత నలిపినా రాదు, అప్పుడు పూలు మార్చెయ్యడమే.

పట్టుచీరకి ఆనించి పెట్టొద్దు, హ్యాంగరుకి కట్టండి లేదా అర మూలల్లో పెట్టండి. నూనె చుక్కలు మాత్రం చీరల దగ్గరికి రానివ్వద్దు. మా తోడికోడలు వాసన పోయిందని మూట మీద నాలుగు చుక్కలు వేసి అదే రోజు ఉప్పాడ చీర మడతలో పెట్టింది, కొంగు మీద రూపాయి బిళ్ళంత మరక, ఇప్పటికీ ఉంది, ఆ చీర కట్టినప్పుడల్లా అక్కడ బ్రోచ్ పెడుతుంది.

కలరా ఉండలు వాడటం మానేశా నేను, ఆ వాసన నాకు పడదు, బీరువా తీస్తే తల తిరిగేది.

చెరువుగట్టు (భీమవరం) · జనవరి 10

అక్కా ఇది చిమటల్ని చంపుద్దా? కలరా ఉండలు చంపుతాయి కదా.

అల్లికల అక్క · జనవరి 10

చంపదు బాబూ. వాసన పడక దగ్గరికి రాకుండా ఉంటాయి, అంతే. అప్పటికే గుడ్లు పెట్టి ఉంటే ఇది ఏం చెయ్యలేదు. అందుకే చీరలు ముందు ఎండలో వేసి (పట్టువి అయితే నీడలో గాలికి) దులిపి, బీరువా అరలు పొడిగుడ్డతో తుడిచి అప్పుడు పెట్టాలి. మన దగ్గర అసలు శత్రువు చిమట కాదు, బూజు. ముసురు రోజుల్లో ఈ పూలే తేమ పట్టి మెత్తబడతాయి, అప్పుడు మూటలన్నీ తీసి ఎండ కాసిన రోజు డాబా మీద గంటసేపు నీడన ఆరబెడతా.

మిగతా పూలు స్టీలు డబ్బాలో గట్టి మూత పెట్టి ఉంచు, కొత్త చెప్పుల పెట్టెలో వస్తాయే ఆ తేమ పీల్చే పొట్లాలు రెండు వెయ్యి. అటక మీద గోనెలో పెడితే మాత్రం ఆగస్టుకి చెత్తబుట్టే.

చెరువుగట్టు (భీమవరం) · జనవరి 11

నా గోల వేరేనండి. మా ఇంటి చుట్టూ మూడు వైపులా చెరువులే, సాయంత్రం ఆరైతే దోమలు ఎత్తుకుపోతాయి. లావెండర్ మొక్క గుమ్మం దగ్గర పెడితే దోమలు రావని వీడియోలో చూసి రెండు కుండీలు తెచ్చి అరుగు మీద పెట్టా. నిన్న నా కళ్ళతో చూశా, దోమ ఆ మొక్క ఆకు మీదే వాలి రెస్టు తీసుకుంటోంది.

వెటకారం వెంకీ · జనవరి 11

వాసనకి నిద్ర పట్టేసి ఉంటుందండి పాపం.

లెక్చరర్ గారు (అమలాపురం) · జనవరి 11

రిటైరయ్యాను, కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు. మొక్క ఊరికే నిలబడి ఉంటే గాలిలోకి వదిలే వాసన చాలా తక్కువ, దానికి దోమ బెదరదు. ఆకు నలిపి ఒంటికి రాసుకున్నా, నూనె పలచన చేసి రాసుకున్నా కాసేపు పనిచేస్తుంది, ఆవిరైపోగానే అయిపోయినట్టే. ఆ కాసేపటి కోసం మీరు దోమతెర మానేస్తే డెంగ్యూ తెచ్చుకున్నట్టు. కుండీల కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు పారబొయ్యండి ముందు.

ఈ నూనెలో ముఖ్యంగా ఉండేవి రెండు, లినలూల్, లినలైల్ ఎసిటేట్. ఆ మెత్తటి తీపి వాసన వాటిదే. లావెండిన్ అని ఇంకో సంకర జాతి ఉంది, ఎకరానికి నూనె ఎక్కువిస్తుంది కాబట్టి చవక, అందులో కర్పూరం పాలు ఎక్కువ. సీసా మూత తీయగానే ముక్కుకి కర్పూరం ఘాటు తగిలితే అది లావెండిన్ అయ్యుండొచ్చు. ఇల్లు తుడిచే నీళ్ళలోకి, బట్టల సబ్బులోకి అదే మేలు. సీసా మీద లావండ్యులా అంగుస్టిఫోలియా అని ఉంటే మంచి రకం. "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని ఉంటే అది పువ్వు మొహం చూడని సరుకు, ఒంటికి వద్దు.

పిల్లి అమ్మ (తాడేపల్లిగూడెం) · జనవరి 11

దయచేసి ఒక మాట. ఇంట్లో పిల్లులుంటే ఆ నూనె డిఫ్యూజర్లో (నూనె వాసన గదంతా వదిలే మిషను) పెట్టొద్దు. లెక్చరర్ గారు చెప్పిన ఆ రెండు పదార్థాల్నీ పిల్లి లివరు మనలాగా అరిగించుకోలేదు. నాకు తెలీక మూసిన ఏసీ గదిలో రాత్రంతా పెట్టా, పొద్దున్నకి మా బుజ్జిగాడు చొంగ కారుస్తూ మంచం కింద వణుకుతున్నాడు, పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తా. బతికాడు. ఆ డిఫ్యూజర్ ఇప్పుడు మా పాప బొమ్మల్లో ఉంది.

లంకలో కోడలు · జనవరి 11

అమ్మో మా ఇంట్లో వీధి పిల్లి ఒకటి వచ్చి పడుకుంటుందండి, మంచి మాట చెప్పారు.

నూనె తలకి రాసుకోవచ్చా? కొబ్బరినూనెలో కలిపి? మా ఆడపడుచు నేరుగా కణతలకి రాసేసుకుంటుంది, నిద్ర పడుతుందంట.

అంబాజీపేట సబ్బులు · జనవరి 12

నేరుగా రాసుకోవద్దని చెప్పండక్కా, ఒకరోజు కాకపోతే ఒకరోజు మంట, దద్దుర్లు వస్తాయి. 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకి 20 చుక్కలు వేస్తే సుమారు ఒక శాతం, అక్కడ మొదలుపెట్టండి, పడితే 40 దాకా వెళ్ళొచ్చు, అంతకి మించి అక్కర్లేదు. ముందు మోచేయి లోపల రాసి ఒక రోజు చూడండి. సీసా తీసి ఏడాది రెండేళ్ళయిన నూనె ఒంటికి వాడకండి, గాలి తగిలి మారిపోతుంది, ఎలర్జీలు దానివల్లే ఎక్కువ. చిన్నపిల్లలకి నేనసలు ఇవ్వను.

నేను ఇంట్లో కొబ్బరినూనె సబ్బులు చేసి అమ్ముతా. మొదటిసారి లావెండర్ సబ్బు చేసినప్పుడు అందంగా ఉంటుందని పైన ఎండుపూలు చల్లా. ఊదారంగు మీద ఊదారంగు, ఫోటోలు తీసి స్టేటస్ పెట్టుకున్నా. సబ్బు పచ్చిగా ఉన్నప్పుడు అందులో కాస్టిక్ ఉంటుంది కదా, నాలుగు రోజులకి పూలన్నీ గోధుమరంగుకి తిరిగి అచ్చం ఎలక పెంటికల్లా తయారయ్యాయి. ఒక కస్టమర్ ఫోన్ చేసి "అమ్మా మీ సామాన్ల గదిలో ఎలకలున్నట్టున్నాయి, చూసుకో" అంది 😭 మొత్తం 36 సబ్బులు మేమే వాడుకున్నాం. పూలు సబ్బులో వెయ్యకండి, నూనె ఒక్కటే వెయ్యండి, అదీ వేడి తగ్గాక.

డాబా తోట (రావులపాలెం) · జనవరి 12

నాదొక పరువు తక్కువ కథ. గుప్పెడు పూలు తెల్ల వెనిగర్లో పది రోజులు నానబెట్టి వడగట్టి, సగానికి సగం నీళ్ళు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే అద్దాలకీ, కుళాయిల మీద తెల్లటి ఉప్పు మరకలకీ చాలా బాగుంటుంది, మా బోరు నీళ్ళకి కుళాయిలు నెల తిరిగేసరికి సున్నం కొట్టినట్టు అవుతాయి, అవి కూడా పోయాయి. సరే బాగుంది కదా అని వంటింటి గట్టు కూడా దాంతోనే తుడిచా. మాది కడప బండ. మర్నాడు చూస్తే నల్లటి బండ మీద చెయ్యి తిప్పిన చోటల్లా తెల్లటి చారలు, ఎంత తుడిచినా పోవు. తర్వాత తెలిసింది, కడప బండ అంటే సున్నపురాయే కదా, పులుపు తగిలితే తినేస్తుంది. మా ఆయన ఇప్పటికీ వచ్చినోళ్ళందరికీ ఆ గట్టు చూపిస్తాడు.

పాలరాయి మీద కూడా అంతే. అద్దాలు, స్టీలు, కుళాయిలు, టాయిలెట్ వరకే వాడుకోండి.

లెక్చరర్ గారు (అమలాపురం) · జనవరి 12

డాబా తోట గారూ, మా క్లాసులో పిల్లలకి ఆమ్లం సున్నపురాయి పాఠం మీ గట్టు చూపించి చెప్పాల్సింది 🙂

గంటె పట్టిన చెయ్యి (ఆత్రేయపురం) · జనవరి 12

వంటలో ఎవరన్నా వాడారా? నేను సరదాకి పంచదార డబ్బాలో ఒక చెంచా పూలు వేసి వారం ఉంచి, ఆ పంచదార పొడికొట్టి పూతరేకుల్లో చల్లా. నెయ్యితో కలిసి మొదటి రేకు బాగుందనిపించింది. రెండోది తింటే సబ్బు కొరికినట్టే ఉంది. మా అమ్మ అయితే నోట్లో పెట్టుకుని "ఎవరు చెప్పార్రా నీకు" అంది, అంతే. టీలో మాత్రం చిటికెడు పర్లేదు, పాలు లేకుండా. ఎక్కువేస్తే చేదు.

లెక్చరర్ గారు (అమలాపురం) · జనవరి 12

తినడానికైతే తినేరకం పూలనే వాడాలి, అలంకారానికి అమ్మేవాటి మీద మందు కొట్టి ఉండొచ్చు. నూనె మాత్రం చుక్క కూడా నోట్లో పొయ్యొద్దు. జర్మనీలో 80 మిల్లీగ్రాముల లావెండర్ నూనె మాత్రని ఆందోళనకి ఇస్తారు, నిజమే, అది కొలత ప్రకారం తయారుచేసిన మందు. మన సీసాలోది అది కాదు.

భక్తిలో శక్తి (మండపేట) · జనవరి 13

వంటింట్లో చెయ్యి కాలితే లావెండర్ నూనె రాస్తే బొబ్బ రాదంట కదా, ఫ్రాన్సులో ఒక సైంటిస్టు చెయ్యి కాలి లావెండర్ తొట్టిలో ముంచితే మచ్చ కూడా లేకుండా పోయిందంట, అప్పట్నించే ఈ వైద్యం మొదలైందంట.

లెక్చరర్ గారు (అమలాపురం) · జనవరి 13

ఆ కథ చెప్పేవాళ్ళు పెంచేశారండి. ఆయన గాటెఫోసె, అత్తర్ల కుటుంబం. 1910లో లేబరేటరీలో పేలుడు జరిగి చేతులు కాలాయి, తర్వాత పుండ్లు గ్యాంగ్రిన్‌కి తిరిగితే లావెండర్ నూనెతో కడిగానని, అది ఆగిందని ఆయనే తర్వాత రాసుకున్నారు, 1937లో అరోమాథెరపీ అని పుస్తకం వేశారు. అందులో తొట్టీ లేదు, మచ్చ లేకుండా పోవడమూ లేదు. చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్ళు, ఐసు వద్దు, పేస్టు వద్దు, నూనె ఏదైనా వద్దు. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రి.

భక్తిలో శక్తి (మండపేట) · జనవరి 13

మా ఇంట్లో అందరం పేస్టే రాస్తామండి ఏళ్ళ తరబడి 🙏 మానేస్తాం.

అల్లికల అక్క · జనవరి 13

పాత మూటల్లో వాసన పోయిన పూలు పారెయ్యకండి. నేను సాంబ్రాణి నిప్పుల మీద ఒక చిటికెడు వేస్తా, నెలగంట పట్టిన దగ్గర్నించి సంక్రాంతి దాకా రోజూ సాయంత్రం. వాసన కొంచెం వేరుగా ఉంటుంది, కాలిన గడ్డి వాసన కలుస్తుంది, ఎక్కువేస్తే దగ్గొస్తుంది. ఇల్లు తుడిచే బకెట్లో కూడా మూట ముంచి పిండొచ్చు.

వెటకారం వెంకీ · జనవరి 13

నిజం చెప్పాలంటే మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో వట్టివేరు కట్ట ఒకటి ఉండేది, ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు, మొన్న తీస్తే ఇంకా వాసన వస్తోంది. లావెండర్ ఏడాదికే చేతులెత్తేస్తే దీనికింత గోల దేనికండీ. మరువం, తులసి కూడా దాని చుట్టాలే అంట కదా, ఒకటే కుటుంబం. మన పెరట్లో ఉన్నోళ్ళని ఒదిలి కాశ్మీరు చుట్టానికి కుర్చీ వేస్తున్నాం.

మొక్కల మాస్టారు · జనవరి 13

అది మాత్రం ఒప్పుకుంటా. కొత్తగా మొక్క కొందామనుకునేవాళ్ళు దవనం, మరువం, నిమ్మగడ్డి పెట్టుకోండి, సగం శ్రమ. లావెండర్‌ని బంతిలాగా ఒక్క చలికాలం మొక్క అనుకుని తెచ్చుకుంటే బాధ ఉండదు. నేనమ్మే సరుకు గురించి నేనే ఇలా చెప్తున్నా చూడండి.

లంకలో కోడలు · ఆగస్టు 17

చాలా రోజులైందండి. అప్‌డేట్ పెట్టమని మాస్టారు మెసేజ్ చేశారు.

తల్లి మొక్క పోయింది. సన్ షేడ్ కిందే పెట్టా, కానీ జూలైలో వారం ముసురుకి గోడ వార నుంచి నీళ్ళు కారి కుండీలోకి పోయాయి, నేను చూసుకోలేదు, పుట్టింటికెళ్ళా. ఐదు కొమ్మలు గుచ్చితే మూడు వేరు పట్టాయి, అందులో ఒకటి ఎండలకి పోయింది, రెండున్నాయి, ఇటిక ముక్కల మట్టిలో, కిటికీ గట్టు మీద. జానెడు కూడా లేవు కానీ ఆకు నలిపితే గుమ్మంటోంది.

పూలు అల్లికల అక్క చెప్పినట్టు మూటలు కట్టా, లేసు అల్లడం నాకు రాదు కాబట్టి మా ఆయన పాత లుంగీ గుడ్డతో. 22 మూటలొచ్చాయి. మొన్న వరలక్ష్మీ వ్రతానికి అత్తగారి పెట్టె తీస్తే పట్టుచీరల మధ్య నాలుగు మూటలున్నాయి, నేను పెట్టలేదు! ఒకటి విప్పి చూశా, లోపల పూలతోపాటు ఎండు దవనం కూడా ఉంది. నేనేం అడగలేదు, ఆవిడా ఏం చెప్పలేదు. వాసన మాత్రం రెండిటికంటే బాగుంది, ట్రై చేసుకోండి, సగం సగం.

చెరువుగట్టు (భీమవరం) · ఆగస్టు 17

మాస్టారూ గుల్లపొడి దొరకలేదు, కిళ్ళీ కొట్టు సున్నం కలపొచ్చా కుండీలో?

మొక్కల మాస్టారు · ఆగస్టు 18

వద్దు బాబూ, అది తడి సున్నం, వేరు కాలిపోద్ది. కోడిగుడ్డు పెంకులు కడిగి ఎండబెట్టి మిక్సీలో పొడిచేసి వెయ్యి, రెండు గుప్పెళ్ళు. దోమలు మాత్రం అలాగే ఉంటాయి.